అనుమతి లేని అవగాహన

యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా బకుల్‌తలా యువజన సంఘం వారి అరవై రెండో దుర్గోత్సవం ఈ ఏడాది మూడు బహుమతులతో దిగ్విజయంగా ముగిసింది. ఉత్తమ సామాజిక ఇతివృత్తానికి ఒకటి, ఉత్తమ సజీవ నటనకు ఒకటి, అన్నిటికన్నా మేము ఎక్కువగా గర్వపడే ఉత్తమ క్రమశిక్షణకు ఒకటి. ఇతివృత్తం పేరు ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. మెదడులో ముందు భాగమూ, పక్క భాగమూ మెల్లమెల్లగా వడలిపోయే జబ్బు. కలకత్తా మొత్తంలో ఈ పేరును తడబడకుండా ఒక్క గుక్కలో పలకగల పేట మాదొక్కటే. మా చేపల దుకాణం ఆయన కూడా పలుకుతాడు. కావాలంటే వచ్చి అడగండి.

ఈ నివేదిక రాస్తున్న నేను సంఘానికి సహాయ ఉపకార్యదర్శిని, ప్రచార విభాగం. పేరు నీలోత్పల్ కుందు, అందరూ నీలూ అంటారు. యువజన సంఘం అన్నారు కదా అని మీరు ఇంకేదో ఊహించుకోకండి. మా అధ్యక్షులు నిరుపమ్ సర్ఖేల్ గారికి అరవై తొమ్మిదేళ్లు. యాభై రెండేళ్ల పసివాణ్ణి కాబట్టి మైకు తీగలు చుట్టే పని ఇప్పటికీ నాదే.

మా ఊళ్లో అమ్మవారికి పందిరి వేస్తే చాలదు. ఆ పందిరికి ఒక బాధ ఉండాలి. బాధ ఎంత కొత్తదైతే పందిళ్ల పోటీలో బహుమతి అంత పెద్దది. ట్రాము పట్టాలకు అవతలి పేట వాళ్లు మూడేళ్ల కిందట కనుమరుగవుతున్న పిచ్చుకల కోసం ఏడ్చి కప్పు కొట్టేశారు. నిరుడు ఎండిపోతున్న నదుల కోసం ఏడ్చి మళ్లీ కొట్టేశారు. మేమూ ఊరుకోలేదు. ప్లాస్టిక్ వల్ల భూమాతకు కలుగుతున్న హాని మీద గుండెలు బాదుకున్నాం. అయితే మా పందిరి మొత్తం ప్లాస్టిక్‌తోనే కట్టినట్టు న్యాయనిర్ణేతల్లో ఒకాయన పసిగట్టాడు. ఓర్వలేనితనం, ఇంకేముంది!

అందుకే జూన్ నెలలో సంఘం గదిలో బాధను ఎంపిక చేసే సమావేశం పెట్టాం. వృద్ధాశ్రమాలు అన్నారొకరు. దాన్ని అప్పటికే ఇద్దరు తీసేసుకున్నారని తేలింది. ఆడపిల్లల చదువు అన్నారు ఇంకొకరు. దానికి ఏడుపు అయిపోయిందని అధ్యక్షులు కొట్టిపారేశారు. సరిగ్గా అప్పుడు చంకలో ఒక ఫైలు పెట్టుకుని మందిరా వదిన లోపలికి వచ్చింది.

మందిరా వదిన అంటే హిమాద్రి భాదురి గారి భార్య. హిమాద్రి దా, అంటే మాకు హిమాద్రి అన్న, మా పేట హైస్కూల్లో భూగోళం మాస్టారు. ఇరవై ఏడేళ్లపాటు అష్టమి పొద్దున అంజలికి వరస నిలబెట్టింది ఆయనే. అంజలి అంటే, పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా వచ్చి, పూలు దోసిట్లో పట్టుకుని, పురోహితుడు చెప్పిన మంత్రం తిరిగి చెప్పి, అమ్మవారి పాదాలవైపు పూలు విసరడం. నాలుగొందల మంది ఒకేసారి విసిరితే ముందు వరసలో వాళ్ల నెత్తులే పాదాలవుతాయి. హిమాద్రి దా చేతిలో మైకు ఉంటే ఆ తోపులాట ఉండేది కాదు. "లైన్లో... లైన్లో..." అనేవాడు. అంతే. పేటకు పేట గీత గీసినట్టు నిలబడేది. ఎవరింట్లో చావు వచ్చినా అందరికన్నా ముందు వచ్చేవాడు. మా నాన్న పోయినప్పుడు జోరువానలో పాడె ముందుకొమ్ము పట్టుకుని, శ్మశాన ఘాట్ దాకా భుజం మార్చకుండా మోశాడు. ఇది ఇతివృత్తానికి సంబంధం లేని విషయం. అచ్చువేసేటప్పుడు తీసేయవచ్చు.

అలాంటి మనిషికి యాభై ఐదో ఏట నడవడి చెడింది. చెడింది అనే మేమందరం అన్నాం. అధ్యక్షులవారి తల్లిగారి సంతాపసభలో, అందరూ తలలు వంచుకుని మౌనం పాటిస్తుండగా, ఫక్కున నవ్వి, "సందేశ్ ఎప్పుడు పెడతారు?" అని మిఠాయి కోసం అడిగాడు. మిఠాయి కొట్లో అద్దాల పెట్టెలోకి చెయ్యి పెట్టి తీసుకుని తినేసేవాడు. కార్యదర్శి తపోబ్రత గుహ భార్యను నడివీధిలో ఆపి, "నువ్వు చాలా లావయ్యావు, నడుస్తుంటే నేల అదురుతోంది," అన్నాడు. బళ్లో పిల్లల తల్లిదండ్రుల మొహం మీదే వాళ్ల పిల్లల తెలివితేటల గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. దాంతో బడి వాళ్లు ఆయన్ని ముందే ఇంటికి పంపేశారు. ఇంట్లో వదిన జ్వరంతో మూలుగుతూ పడుకుంటే, పక్కనే కూర్చుని టీవీ చూస్తూ, "టీ ఏది?" అన్నాడట. రోజూ ఒకే వేళకు పార్కు చుట్టూ పద్నాలుగు సార్లు తిరగడం, దారిలో ప్రతి దీపస్తంభాన్నీ అరచేత్తో తట్టడం. పదమూడు తిరిగి ఆపమంటే ఆపడు.

పేట ఊరుకుందా? శాస్త్రీయంగా పరిశోధించింది. తాగుడు అన్నారు కొందరు. కాదు, ఎవరో ఆడమనిషి ఉంది అన్నారు ఇంకొందరు. భార్య అదుపులో పెట్టుకోలేకపోయిందని ఆడవాళ్లు ఏకగ్రీవంగా తేల్చారు. హోమియోపతి డాక్టరు గారు నాడి పట్టుకుని కడుపులో గ్యాసు అన్నారు. మా ఊళ్లో ఏ జబ్బుకైనా మొదటి పేరు అదే. చివరికి నిరుడు విజయదశమి ఆలింగనాల్లో, పళ్లెంలో ఉన్న పద్నాలుగు సందేశ్‌లూ ఆయనొక్కడే తిని, అధ్యక్షులవారు కౌగిలించుకోబోతే, "నీ నోరు కంపు," అన్నాడు. మర్నాడే ఏడో తీర్మానం ప్రవేశపెట్టి, సంఘం ఆవరణలోకి ఆయన రాకుండా నిషేధించాం. ఎవరూ వ్యతిరేకించలేదు. చెయ్యెత్తిన వాళ్లను లెక్కపెట్టింది నేనే. ఒక చెయ్యి నాది.

మళ్లీ జూన్ సమావేశానికి వద్దాం.

"రండి వదినా, కూర్చోండి," అన్నాడు తపోబ్రత, కుర్చీ చూపించకుండానే.

"కూర్చోడానికి రాలేదు తపోబ్రతా. ఇదిగో, పెద్దాసుపత్రి వాళ్లిచ్చిన కాగితాలు. మెదడు ఫొటోలు కూడా ఉన్నాయి. మా ఆయనది పొగరు కాదు, తాగుడు కాదు, మీరనుకున్న ఇంకోటీ కాదు. జబ్బు. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటారు. నయం కాదట. పొద్దున లేస్తే నువ్వెలా ఉన్నావని నన్నడగడు. అష్టమి ఎప్పుడని అడుగుతాడు. ఆయనకి మిగిలింది అదొక్కటే. ఆ తీర్మానం తీసేసి, అష్టమి నాడు ఒక్క పది నిమిషాలు ఆయన్ని అంజలికి నిలబడనివ్వండి. ఇంకేమీ అడగను."

సర్ఖేల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పేరు ఇంకోసారి చెప్పమ్మా," అన్నారు.

వదిన చెప్పింది. ఆయన మనసు కరిగిందనుకుంది పాపం.

"ఈ జబ్బు సంగతి అవతలి పేట వాళ్లకి తెలుసా?"

"లేదండీ."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"వినేవాళ్లుంటేగా చెప్పడానికి?"

"మంచిపని చేశావు," అని ఆయన లేచి నిలబడ్డారు. లేచి నిలబడితే ఉపన్యాసమే. "సోదరులారా! మన కళ్లెదుట, మన పేట నడిబొడ్డున, ఒక మహమ్మారి పొంచి ఉంది! సమాజం కళ్లు మూసుకుంది! ఎవరు తెరుస్తారు ఆ కళ్లు? పిచ్చుకలు తెరుస్తాయా? నదులు తెరుస్తాయా? మనం తెరుస్తాం! పదకొండు అక్షరాల ఈ జబ్బును బెంగాల్ గడప గడపకూ చేరుస్తాం!" చప్పట్లు మోగాయి. ఎవరూ అక్షరాలు లెక్కపెట్టలేదు. తీర్మానం రద్దు చేయాలంటే సర్వసభ్య సమావేశం కావాలనీ, అది పూజ అయ్యాకగాని కుదరదనీ ఆయన వదినకు నచ్చజెప్పారు. అయినా అష్టమి నాడు హిమాద్రి తమకు అతిథేనని, అది తన మాటని, అందరి ముందూ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. వదిన ఫైలు బల్ల మీద పెట్టి, చెంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లింది.

ఇక పని మొదలైంది చూడండి! పేరుమోసిన పందిరి శిల్పి ఋతంకర్ పాకడాశీని పిలిపించాం. వెదురు, గోనెపట్టా, పదకొండువేల మట్టి టీ గ్లాసులతో నలభై అడుగుల మెదడు లేచింది. హిమాద్రి దా మెదడు ఫొటోను ఒకటికి వెయ్యింతలు పెంచి పైకప్పుకు పరిచాం. వడలిపోయిన చోట నీలం దీపాలు వెలిగించాం. జనం పడుకుని మరీ సెల్ఫీలు తీసుకున్నారు. అమ్మవారు ముందు భాగంలో కొలువుంటుందని అనుకున్నాం గానీ, నాలుగు రోడ్ల కూడలి వైపు ద్వారం పెట్టక తప్పలేదు, తినుబండారాల దుకాణాలన్నీ అటే. దాంతో మెదడు ముందు భాగం వెనక్కి వెళ్లింది. ప్రారంభోత్సవానికి వచ్చిన కుర్ర డాక్టరు చూసి, "సార్, తల తిరగబడింది," అన్నాడు. అగ్నిమాపక శాఖ ఈ నమూనాకే అనుమతి ఇచ్చిందని అధ్యక్షులు ఆయనకు పత్రం చూపించారు. డాక్టరుకు మాట్లాడటానికి నాలుగు నిమిషాలు కేటాయించాం. అందులో రెండు నిమిషాలు ఎవరివో చెప్పులు మారిపోయాయన్న ప్రకటనకు పోయాయి.

మహిషాసురుడి స్థానంలో ప్రోటీన్ ముద్ద ఉండాలన్నాడు శిల్పి. మెదడులో పేరుకుపోయేది అదేనట. ముద్దకు మంత్రం లేదని పురోహితుడు మొండికేశాడు. ముద్దకు మీసాలు పెట్టి ఇద్దర్నీ ఒప్పించాం. ఆవనూనె కంపెనీ వాళ్లు ముందుకొచ్చి, ప్రతి దీపస్తంభానికీ తమ సీసా బొమ్మా, దాని కింద జబ్బు పేరూ ఉన్న ఫ్లెక్సీలు కట్టించారు. ఆ నూనె జబ్బును పోగొడుతుందో తెప్పిస్తుందో ఫ్లెక్సీ చూస్తే తెలిసేది కాదు. పందిరి చూసి బయటికి వచ్చిన ప్రతివారి గుండెమీదా గుండ్రటి స్టిక్కరు అంటించాం. "నాకు అవగాహన ఉంది" అని దాని మీద ఉంటుంది. ఆ మాట నేనే రాశాను.

సజీవ ప్రదర్శన లేకపోతే ఈ రోజుల్లో పందిరిని పందిరిగా ఎవరూ లెక్కచేయరు. కాబట్టి పందిరి నడుమ గాజుగది కట్టి, అందులో రోగి పాత్రకు పల్లవ్ హాజ్రా అనే నాటక నటుణ్ణి పెట్టాం. మందిరా వదిన రిహార్సలుకు వచ్చింది. పల్లవ్ తెల్లజుట్టు విగ్గు పెట్టుకుని, కిటికీలోంచి శూన్యంలోకి చూస్తూ, "నేనెవరిని? నువ్వెవరు?" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. చూస్తున్న ఆడవాళ్లందరూ ముక్కులు చీదారు.

"ఇది కాదు తమ్ముడూ," అంది వదిన. "మా ఆయనకి మతిమరుపు లేదు. అన్నీ గుర్తుంటాయి. జుట్టు కూడా నల్లగానే ఉంది. ఏడవడు అసలు. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే కూడా ఆయనకి పట్టదు. అదే ఈ జబ్బు."

"మరి జాలి ఎలా వస్తుంది వదినా?" అన్నాడు పల్లవ్.

"రాదు. అందుకేగా మీకు చెబుతున్నాను."

పల్లవ్ మంచి కుర్రాడు, ఆలోచనలో పడ్డాడు. కానీ తపోబ్రత కల్పించుకుని, "వదినా, చూసేవాళ్లకి అర్థం కావద్దూ? నిజంగా ఉన్నట్టే చూపిస్తే జబ్బని ఎవరనుకుంటారు?" అన్నాడు. ఇంతకన్నా నిజాయితీగా మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ విషయం ఆ క్షణంలో మాకు తట్టలేదు.

షష్ఠి నాడు ఒక అవాంఛనీయ సంఘటన జరిగింది. మందిరా వదిన చిన్న చిన్న కార్డులు అచ్చువేయించుకుని దుకాణదార్లకూ, రిక్షావాళ్లకూ పంచుతోందని ఫిర్యాదు అందింది. ఒకటి నేను స్వాధీనం చేసుకున్నాను. "నా భర్తకు మెదడులో జబ్బు ఉంది. ఆయన మాటలకు నొచ్చుకోకండి. దయచేసి ఓపిక పట్టండి," అని ఉంది. కింద ఫోను నంబరు. సంఘం ముద్ర లేదు, నూనె సీసా బొమ్మ లేదు. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. పందిరికి రెండువందల గజాల లోపు అనుమతి లేకుండా అవగాహన కల్పించడం నిబంధనలకు విరుద్ధమని తీర్మానించి, నోటీసు రాసే పని నాకు అప్పగించింది. అదే సమావేశంలో ఇంకొక కబురు. మేము ఆఖరి వడపోతకు నెగ్గాం. ప్రజల భాగస్వామ్యం చూడటానికి న్యాయనిర్ణేతలు అష్టమి పొద్దున సరిగ్గా అంజలి వేళకే వస్తారట. హిమాద్రి బాబును అష్టమి నాడు కాక ఉభయులకూ వీలైన మరొక రోజున ఆహ్వానించాలని ఏకగ్రీవంగా నిర్ణయించాం. అధ్యక్షులవారి చెయ్యి ఈసారి గుండె మీద లేదు, పైకి లేచి ఉంది.

రెండు కాగితాలూ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వదిన నిలబడే చదువుకుంది.

"నవమి నాడు తీసుకురమ్మంటున్నారా?"

"నవమి నాడు కూడా అంజలి ఉంటుంది కదా వదినా. అమ్మవారు అమ్మవారే."

"నాకు తెలుసు నీలూ. ఆయన బుర్రకి ఎవరు చెప్తారు? నాలుగు నెలలుగా రోజులు లెక్కపెడుతున్నాడు." ఆమె గొంతు గట్టిగా లేదు, అలిసిపోయి ఉంది. "నువ్వయినా చెప్పలేకపోయావా అక్కడ?"

"నేను ప్రచార విభాగం వదినా," అన్నాను. నిజమే కదా.

లోపలి గదిలోంచి హిమాద్రి దా గొంతు వినిపించింది. "అష్టమి ఎల్లుండి. ఎనిమిదీ పది."

అష్టమి పొద్దున పందిరి కిక్కిరిసిపోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. పెద్దావిడ ఒకప్పటి సినిమా తార. ఆవిడ దృష్టిలో పడాలని నాలుగొందల మంది భక్తులు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. తపోబ్రత మైకులో, "దయచేసి... దయచేసి..." అని బతిమాలుతుంటే ఆయన్నే తోసేశారు. గాజుగదిలో పల్లవ్ నేనెవరినంటూ ఏడుస్తున్నాడు. సరిగ్గా ఎనిమిదీ పదికి హిమాద్రి దా వచ్చాడు.

పట్టుపంచె కట్టాడు. లాల్చీ లోపలిభాగం బయటికి తిప్పి తొడుక్కున్నాడు. ఎడమచేతిలో పూలు. ఎవర్నీ చూడకుండా నేరుగా వచ్చి, అమ్మవారి ముందున్న పళ్లెంలోంచి రెండు సందేశ్‌లు తీసి నోట్లో వేసుకున్నాడు. తపోబ్రత చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "లైన్లో... లైన్లో..."

ఉన్న మాట చెప్పుకోవాలి. అరనిమిషంలో పందిరి చక్కబడింది. ఇరవై ఏడేళ్ల అలవాటు, జనం కాళ్లు వాటంతట అవే సర్దుకున్నాయి. ముసలమ్మలకు ముందు చోటు దొరికింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకు తిరిగాయో నివేదికలో రాయడానికి వీల్లేదు. అంతటితో ఆగితే బాగుండేది. కానీ హిమాద్రి దా న్యాయనిర్ణేతలవైపు తిరిగాడు.

"మీరు కూడా. చివరికెళ్లండి."

"ఎవరండీ ఈయన?" అంది తార.

ఆవిణ్ణి తేరిపార చూశాడు. "వయసెక్కువ. రంగెక్కువ. చివరికెళ్లు."

అయిపోయింది! కప్పు, ఫలకం, నాలుగు నెలల అవగాహన, అన్నీ కళ్లముందే గంగపాలవుతున్నాయి. సర్ఖేల్ గారు నా వైపు చూసిన చూపు ఈ జన్మకు మరచిపోను. నేను ఒక్క ఉదుటున వెళ్లి హిమాద్రి దా మోచెయ్యి పట్టుకున్నాను. గాజుగదిలో పల్లవ్ ఏడుపు ఆపేశాడు. మూడు నెలలు పుస్తకాలు చదివి సిద్ధమైన నటుడు కదా, విగ్గు చేత్తో పట్టుకుని అద్దానికి ముక్కు ఆనించి మరీ చూస్తున్నాడు.

"నీలూ దా, ఎవరాయన? ఆయనకేమైనా..."

"ఎవరో తాగుబోతు," అన్నాను గట్టిగా, తారకు వినపడేలా.

"నీలూ!" జనం వెనకనుంచి మందిరా వదిన కేక వేసింది. ఆయన చెయ్యి జారిపోయి వెతుక్కుంటూ వచ్చినట్టుంది. "ఆయన తాగలేదు. నీకు తెలుసు!"

నాకు తెలుసు. స్టిక్కరు కూడా ఉంది.

హిమాద్రి దా పెనుగులాడలేదు. నాతో నడుస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "మీ నాన్న పోయిన రోజు వాన. నా భుజం పుండయింది. నువ్వు మధ్యలో టీ తాగడానికి వెళ్లావు. సందేశ్ ఉందా?" తర్వాత నా గుండెమీది స్టిక్కరు ఊడబెరికి తన లాల్చీకి అంటించుకున్నాడు. నేను ఆయన్ని జనాన్ని ఆపే తాడుకు అవతల, గుడ్డు రోల్సు అమ్మే బండి పక్కన వదిలిపెట్టి తాడు మళ్లీ కట్టాను. వదిన నా చేతిలో తన కార్డు ఒకటి పెట్టింది. నిజానికి తిట్టి ఉంటే బాగుండేది.

"దీని మీద సంఘం ముద్ర లేదు వదినా," అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

లోపల మంత్రం మొదలైంది. లౌడ్‌స్పీకర్లలో వీధంతా వినిపిస్తోంది. హిమాద్రి దా పేవ్‌మెంటు మీద నిలబడి, దోసిలి పట్టి, ఒక్క మాట తప్పకుండా మంత్రం చెప్పాడు. ఎదురుగా అమ్మవారు లేదు. దీపస్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఉంది. దాని మీద నూనె సీసా, జబ్బు పేరు, చేతులు జోడించిన సర్ఖేల్ గారి బొమ్మ. మంత్రం చెప్పిన మూడుసార్లూ పూలు దాని మీదే చల్లాడు. పక్కన వదిన కూడా చల్లింది. తర్వాత స్తంభాన్ని అరచేత్తో ఒకసారి తట్టి, పద్నాలుగు చుట్లకు పార్కువైపు వెళ్లిపోయాడు. వదిన చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. ప్రకటన సామగ్రిని తడిపూలతో అపరిశుభ్రం చేసినందుకు వారికి మరొక నోటీసు పంపవలసి ఉంది. మర్నాడు నేను డబ్బాలోంచి ఇంకొక స్టిక్కరు తీసి పెట్టుకున్నాను.

న్యాయనిర్ణేతలు మమ్మల్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. ఒక అల్లరి మనిషిని అంత నిశ్శబ్దంగా, అంత వేగంగా తొలగించిన తీరు తాను మరే పందిరిలోనూ చూడలేదని తార మైకులో చెప్పింది. క్రమశిక్షణ బహుమతి అందుకే వచ్చింది. భక్తులు గీత గీసినట్టు వరసలో నిలబడటం కూడా ప్రత్యేకంగా ప్రస్తావించారు. పల్లవ్ హాజ్రా మాత్రం తన బహుమతి తీసుకోవడానికి రాలేదు. వాళ్లింటికి రోజూ సాయంత్రం వెళ్లి హిమాద్రి దాతో పార్కు చుట్టూ తిరుగుతున్నాడని విన్నాం. నటులు ఇంతే, పాత్ర అయిపోయినా వదలరు.

దశమి తర్వాత మెదడును విప్పేశాం. మరుసటి నెలలో వచ్చే జగద్ధాత్రీ పూజ చేసుకునే నది అవతలి ఊరివాళ్లు దాన్ని కొనుక్కుపోయారు. తెల్లరంగు వేసి కైలాస పర్వతం చేస్తారట. ముందు భాగం ఎక్కడ పెట్టాలని అడిగితే, వెనక పెట్టండి, అనుమతి తేలిక అన్నాను.

సందర్శకులతో సర్వే కూడా చేయించాం. ఫారాలు చూసి నేనే పొంగిపోయాను. జబ్బు పేరు సరిగ్గా రాసినవారు నూటికి తొంభై ఒక్కరు. రోగిని చూస్తే జాలిపడతాం అన్నవారు నూటికి నూరు. చివరి ప్రశ్న, "మీ వీధిలో ఇలాంటి లక్షణాలున్నవారు ఎవరైనా ఉన్నారా?" అని. మా పేటవాళ్లందరూ లేరనే రాశారు. ఒక్క ఫారంలో ఉన్నారని ఉంది, అక్షరాలు మందిరా వదినవి. అయితే ఆవిడ నిర్ణీత ద్వారం గుండా బయటికి రాలేదు, తాడు కింద నుంచి వచ్చింది కాబట్టి ఆ ఫారం చెల్లదు.

కనుక మా పేటలో ఈ జబ్బు లేదని తేలింది. ఏడో తీర్మానం గురించి సర్వసభ్య సమావేశంలో చర్చించాలనుకున్నాం గానీ, లేని జబ్బు గురించి చర్చ దేనికని అధ్యక్షులు అజెండాలోంచి తీసేయించారు. వచ్చే ఏడాది ఇతివృత్తం రోగుల్ని చూసుకునే భార్యల కన్నీళ్లు. మందిరా వదిన దగ్గర పాత చీరలు తీసుకోవాలి. ఎవరు వెళ్లాలన్నది ఇంకా తేలలేదు.

ఇంతవరకూ ఓపిగ్గా చదివారు కాబట్టి మీకూ ఒక స్టిక్కరు పంపుతాం, చిరునామా రాయండి. మీ వీధిలో అలాంటివారు ఎవరూ ఉండరని మాకు తెలుసు. ఈమధ్య పెళ్లిలో ఏదో అనకూడని మాట అన్నాడని మీరందరూ పలకరించడం మానేసిన ఆ ఒక్కాయన ఉన్నాడే, ఆయన సంగతి వేరు. ఆయనది ఒట్టి పొగరు.